నలభై దాటాక పైలట్ కావచ్చునా? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

వాణిజ్య పైలట్ లైసెన్సు పొందే విధానాన్ని గత సంచికలో వివరించాము. ఆ వ్యాసాన్ని ఇంటర్మీడియట్ పూర్తి చేసిన పిల్లలను, వారి తల్లిదండ్రులను దృష్టిలో ఉంచుకొని రాశాము. అయితే విశాఖపట్నం నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఉద్యోగం, సంసారం, బాధ్యతలు ఉన్న నడివయసు పాఠకులవి. వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాము. మొదటి ప్రశ్న మిగిలిన చాలామంది మనసులోనూ ఉన్నదే కనుక దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: అయ్యా, నా వయసు 41 సంవత్సరాలు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, ఒక కర్మాగారంలో యంత్రాల నిర్వహణ విభాగంలో పనిచేస్తున్నాను. ఇంటర్ తర్వాత పైలట్ శిక్షణకు వెళతానని అడిగితే, అంత డబ్బు మన దగ్గర ఎక్కడిదని నాన్నగారు బాధపడ్డారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు, కాని కోరిక పోలేదు. ఇప్పుడు కూర్మన్నపాలెం దగ్గర ఒక స్థలం ఉంది. అమ్మితే 35 లక్షల వరకు రావచ్చు. నా భార్య ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలు. పిల్లలు పదో తరగతి, ఆరో తరగతి చదువుతున్నారు. రక్తపోటుకు రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. ఈ వయసులో లైసెన్సు ఇస్తారా? ఇచ్చినా ఉద్యోగం దొరుకుతుందా? రాజీనామా ఎప్పుడు చేయాలి? (ఒక పాఠకుడు, గాజువాక)

సమాధానం: లైసెన్సు ఇస్తారు. వాణిజ్య పైలట్ లైసెన్సుకు కనీస వయసు 18 సంవత్సరాలు. గరిష్ఠ వయసు అంటూ నిబంధన లేదు. వయసు అడ్డుపడేది మరో చివరన. ప్రయాణికులను, సరుకును చేరవేసే వాణిజ్య విమానాలను 65 ఏళ్లు నిండిన పైలట్ నడపకూడదు. అంటే కాగితం మీద మీకు ఇంకా 24 సంవత్సరాలున్నాయి. ఇందులో వైద్య పరీక్షలకు, రాత పరీక్షలకు, 200 గంటల విమాన శిక్షణకు కలిపి రెండేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. తరువాత ఎయిర్‌బస్ 320 వంటి ఒక నిర్దిష్ట విమానానికి టైప్ రేటింగ్ చేయాలి, అంటే ఆ రకం విమానం నడిపే అర్హత సంపాదించాలి, ఉద్యోగం కోసం ఎదురుచూడాలి, చేరిన సంస్థలో మళ్లీ శిక్షణ పూర్తి చేయాలి. అన్నీ సవ్యంగా సాగినా ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, మీ మొదటి పూర్తి జీతం చేతికందేసరికి 44 లేదా 45 ఏళ్లు వస్తాయి. కెప్టెన్ కావడానికి అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు కనీసం 1500 గంటల అనుభవం కావాలి; సంస్థలు సాధారణంగా అంతకంటే ఎక్కువే అడుగుతాయి. యాభై ఏళ్ల ప్రాంతంలో కెప్టెన్ అయి మరో పదిహేనేళ్లు ఆ స్థానంలో పనిచేయడం మీ వయసువారికి అసాధ్యమేమీ కాదు. కాబట్టి ఆలస్యమైపోయిందనే మాటను పక్కన పెట్టి, ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరుస మీద దృష్టి పెట్టవలసిందిగా కోరుతున్నాము. ఈ వయసులో ఆ వరుస తప్పితే మళ్లీ సర్దుకునే వ్యవధి ఉండదు.

మొదట చేయవలసినది వైద్య పరీక్ష. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, గుర్తించిన వైద్యుల దగ్గర రెండో తరగతి వైద్య పరీక్ష చేయించుకోవాలి. అందులో నెగ్గాక ఒకటో తరగతి పరీక్షకు వెళ్లాలి. బెంగళూరులోని వాయుసేన ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ, ఢిల్లీలోని వాయుసేన కేంద్ర వైద్య సంస్థ దీనికి చిరకాలంగా పేరున్న కేంద్రాలు. వాణిజ్య లైసెన్సుకు ఒకటో తరగతి ధ్రువపత్రం తప్పనిసరి. కళ్లు, చెవులు, గుండె, రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే అన్నీ పరిశీలిస్తారు. రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నంత మాత్రాన అనర్హత రాదు. అది అదుపులో ఉందా, వేసుకుంటున్న మందు విమానం నడిపేవారికి అనుమతించినదేనా, గుండె, మూత్రపిండాల మీద దాని ప్రభావం ఏమైనా కనిపిస్తోందా అన్నది చూస్తారు. మందు మార్చవలసి వస్తే అది కుదురుకునే వరకు ఆగమనవచ్చు. పరీక్ష ముందు వారం మాత్ర మానేసి, ఏమీ లేదని రాసి ఇవ్వమని సలహా చెప్పేవారు ఎదురవుతారు. ఆ మాట దయచేసి వినవద్దు. ఒకటో తరగతి పరీక్ష ఒక్కసారితో అయిపోయేది కాదు. ఉద్యోగంలో ఉన్నంత కాలం గడువు ముగిసినప్పుడల్లా చేయించుకోవాలి, వయసు పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. ఈ రోజు దాచిన సంగతి యాభయ్యో ఏట బయటపడితే అప్పటికి పెట్టిన డబ్బు, సంపాదించిన పేరు రెండూ పోతాయి. అంతకంటే ముఖ్యంగా, మీ వెనుక కూర్చున్న ప్రయాణికులకు మీ గుండె పరిస్థితి తెలుసుకునే దారి లేదు. వారి తరఫున అడిగేది ఆ వైద్యుడే.

నలభై దాటిన వారికి చత్వారం మొదలవుతుంది కనుక దూరదృష్టితో పాటు దగ్గర చూపును కూడా పరీక్షిస్తారు. కళ్లద్దాలతో చూపు సరిపోతే చాలు. ఈ పరీక్షలన్నింటి ఖర్చు మొత్తం శిక్షణ ఖర్చులో వందో వంతు కూడా ఉండదు. అయినా స్థలం అమ్మి, శిక్షణ సంస్థకు మొదటి విడత కట్టిన తరువాత వైద్య పరీక్షకు వెళ్లేవారు ఉన్నారు. మీరు అలా చేయవద్దు.

రెండోది రాత పరీక్షలు. డీజీసీఏ వద్ద పేరు నమోదు చేసుకొని కంప్యూటర్ నంబరు అనే గుర్తింపు సంఖ్య తీసుకోవాలి. ఎయిర్ నావిగేషన్, మెటియోరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, టెక్నికల్ స్పెసిఫిక్ అనే పత్రాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో 70 శాతం మార్కులు రావాలి. రేడియో టెలిఫోనీ లైసెన్సు పరీక్ష వీటికి అదనం. ఇంజిన్లు, హైడ్రాలిక్ వ్యవస్థలు మీకు రోజువారీ పని కనుక టెక్నికల్ పత్రాలు అంతగా కష్టపెట్టవు. నావిగేషన్‌కు మాత్రం లెక్కలు గడియారం పెట్టుకొని సాధన చేయాలి. వీటిలో ముఖ్యమైన పత్రాలను ఉద్యోగంలో ఉండగానే, షిఫ్టు ముగిశాక చదివి ఉత్తీర్ణులు కావచ్చు. ఏడాది పాటు ప్రతి రాత్రి రెండు గంటలు కూర్చోగలిగితే, ఈ చదువును మీరు తట్టుకోగలరా అన్న సందేహం తీరుతుంది. ఆ తీరిక, ఆ ఓపిక కుదరకపోతే ఆ సంగతి తక్కువ ఖర్చుతోనే తెలిసిపోతుంది.

మూడోది డబ్బు. ఇక్కడ మీ లెక్క సరిపోదని చెప్పక తప్పదు. మన దేశంలో వాణిజ్య లైసెన్సు వరకు శిక్షణకు, బసకు, పరీక్షలకు కలిపి అర కోటి రూపాయలకు అటూ ఇటూ అవుతోంది. టైప్ రేటింగ్ సొంతంగా చేయవలసి వస్తే మరికొన్ని లక్షలు తోడవుతాయి. స్థలం అమ్మిన 35 లక్షలు పోగా మిగిలినది అప్పే. ఆ అప్పు బరువు తెలియడానికి ఒక లెక్క చెబుతాము. 50 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు దాదాపు 69 వేల రూపాయలు కట్టాలి. మొత్తం మీద చెల్లించేది 82 లక్షలు దాటుతుంది. మీ అప్పు అందులో సగమే అనుకున్నా నెలకు 34 వేలకు పైనే. జీతం ఆగిపోయిన ఇంట్లో అది చిన్న మొత్తం కాదు.

శిక్షణ ఖర్చు అందరూ లెక్కవేస్తారు. లైసెన్సుకు, ఉద్యోగానికి మధ్య ఉండే ఖాళీ కాలాన్ని ఎక్కువమంది లెక్కవేయరు. విమానయాన రంగంలో నియామకాలు అలలుగా వస్తాయి. 2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మే నెలలో గో ఫస్ట్ విమానాలు నిలిచిపోయాయి. ప్రతిసారీ వేల గంటల అనుభవమున్న పైలట్లు ఉద్యోగాల కోసం బయటికి వచ్చారు. వారి వెనుక వరుసలో 200 గంటల కొత్తవారు నిలబడవలసి వచ్చింది. 2020లో కరోనా వల్ల నియామకాలు దాదాపుగా ఆగిపోయాయి. ఇప్పుడు మన సంస్థలు వందల కొద్దీ విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి, పైలట్ల అవసరం ఉంది. అయితే మీ లైసెన్సు చేతికొచ్చే నెలలో అల పైకి లేస్తుందో కిందికి దిగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ ఖాళీ కాలంలో కూడా ఖర్చు ఆగదు. బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలను చూసి విమానం నడిపే అర్హత అయిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఏడాదికే చెల్లుతుంది. దానిని పునరుద్ధరించుకోవాలి, ఒకటో తరగతి వైద్య ధ్రువపత్రాన్ని నిలబెట్టుకోవాలి, చేతికి అభ్యాసం తప్పకుండా చూసుకోవాలి. ఇరవై ఏళ్ల కుర్రవాడు ఆ ఖాళీ కాలాన్ని తల్లిదండ్రుల ఇంట్లో గడిపేస్తాడు. మీకు సరిగ్గా అప్పుడే పెద్దబ్బాయి లేదా అమ్మాయి ఇంజినీరింగ్ చేరే సమయం వస్తుంది.

అందువల్ల మా సలహా ఇది. శిక్షణ సొమ్ముతో పాటు, మీ జీతం లేకుండా ఇల్లు మూడేళ్లు నడవడానికి సరిపడే మొత్తం విడిగా ఉంటేనే ముందుకు వెళ్లండి. ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టవద్దు. భవిష్య నిధి మొత్తాన్ని ఖాళీ చేయవద్దు. మీ భార్య ఈ లెక్కలన్నీ చూసి, తనకు తానుగా సరేనన్న తరువాతనే స్థలం సంగతి తలపెట్టండి. ఎందుకంటే ఆ మూడేళ్లు ఇంటిని మోసేది ఆవిడ జీతం, ఆవిడ ఓర్పు. రాజీనామా అన్నిటికంటే చివరి పని. ఒకటో తరగతి ధ్రువపత్రం చేతికొచ్చి, ముఖ్యమైన పత్రాలు ఉత్తీర్ణమై, శిక్షణ సంస్థ చేరే తేదీని రాతపూర్వకంగా ఇచ్చాక ఆ లేఖ రాయండి. మీ కర్మాగారంలో జీతం లేని దీర్ఘకాలిక సెలవుకు వీలుంటే ముందుగా దాన్నే అడగండి.

శిక్షణ సంస్థను ఎంచుకునేటప్పుడు భవనాలను చూసి మురిసిపోకూడదు. ఎగరడానికి సిద్ధంగా ఉన్న విమానాలు ఎన్ని, శిక్షకులు ఎందరు, కిందటి ఏడాది ఒక్కొక్క విద్యార్థికి నెలకు సగటున ఎన్ని గంటలు దక్కాయి, చేరిన వారికి లైసెన్సు రావడానికి ఎన్ని నెలలు పట్టింది అన్నవి అడగాలి. అక్కడ చదువుతున్న విద్యార్థులనే విడిగా కలిసి అడగడం ఇంకా మంచిది. శిక్షణ సంస్థలకు డీజీసీఏ 2025 నుంచి శ్రేణులు ప్రకటిస్తోంది, వాటిని కూడా చూడండి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టమంటే ఒప్పుకోవద్దు. 200 గంటలు ఏడాదిన్నరలో పూర్తి కావలసినవి మూడేళ్లకు సాగితే, పద్దెనిమిదేళ్ల విద్యార్థి కోల్పోయేది కొంత కాలమే; 41 ఏళ్ల విద్యార్థి నియామకానికి అర్హమైన వయసునే కోల్పోవచ్చు.

ఉద్యోగం దొరుకుతుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా చెప్పగలిగినది ఇంతే. విమానయాన సంస్థలు తామే అభ్యర్థులను ఎంపిక చేసి శిక్షణ ఇప్పించే క్యాడెట్ కార్యక్రమాలలో చాలా వాటికి గరిష్ఠ వయోపరిమితి ఉంటుంది, ఆ దారి మీకు దాదాపుగా మూసుకుపోయినట్లే. విడిగా లైసెన్సు సంపాదించి దరఖాస్తు చేసేవారికి ఒక్కో సంస్థ ఒక్కో వయోపరిమితి పెడుతుంది, అది కాలాన్ని బట్టి మారుతుంది కూడా. గత రెండు మూడేళ్ల నియామక ప్రకటనలు తీసి చదవండి. ఉద్యోగం వచ్చాక హోదా చేరిన తేదీని బట్టి ఉంటుంది కనుక, 45 ఏళ్ల ఫస్ట్ ఆఫీసర్ పక్కన 30 ఏళ్ల కెప్టెన్ కూర్చుంటారు. నిర్ణయం వారిది, అమలు మీది. పదిహేడు, ఇరవై ఏళ్ల అనుభవంతో కింది ఉద్యోగుల చేత పని చేయించిన వారికి ఇది మొదట్లో మింగుడుపడదు. నివాసం కూడా విశాఖలోనే ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు; ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాదు వంటి పెద్ద కేంద్రాలలోనే ఎక్కువ మందిని నియమిస్తారు. ఇవన్నీ తెలిసి కూడా మీ మనసు అటే లాగుతుంటే, వచ్చే నెలలో రెండో తరగతి వైద్య పరీక్షకు సమయం తీసుకోండి.

ప్రశ్న: నేను వాణిజ్య నౌకలో సెకండ్ ఆఫీసర్‌ని. వయసు 35. నెలల తరబడి సముద్రం మీద ఉండడం ఇక చాలనిపించింది, పాపకు రెండేళ్లు. నౌకా నావిగేషన్ అనుభవం విమానానికి పనికొస్తుందా? సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా కొంత కొంత శిక్షణ పూర్తి చేయవచ్చా? (ఒక పాఠకుడు, మధురవాడ)

సమాధానం: లైసెన్సు గంటలలో మీ అనుభవానికి మినహాయింపు దొరకదు, చదువులో మాత్రం చాలా పనికొస్తుంది. ఆకాశంలో కూడా దూరాన్ని నాటికల్ మైళ్లలో, వేగాన్ని నాట్లలో కొలుస్తారు. ఎడమ రెక్క చివర ఎర్ర దీపం, కుడి రెక్క చివర ఆకుపచ్చ దీపం, తోక దగ్గర తెల్ల దీపం అనే ఏర్పాటు ఓడల నుంచి వచ్చినదే. గ్రేట్ సర్కిల్, రంబ్ లైన్, మ్యాగ్నెటిక్ వేరియేషన్, డీవియేషన్ అన్న మాటలు విని ఇంటర్ విద్యార్థులు తల పట్టుకుంటారు. మీరు వాటితోనే అన్నం తింటున్నారు. వాతావరణ శాస్త్ర పత్రం కూడా మీకు పరాయిది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విమానాశ్రయాన్ని ఏ స్థితిలో వదిలిందో చూసిన విశాఖవాసికి, తుపాను గాలుల నిర్మాణం గురించి చదవడం ఎందుకో ఎవరూ చెప్పనవసరం లేదు. రంగుల గుర్తింపు పరీక్షలో నెగ్గే మీరు నౌకలో చేరి ఉంటారు కనుక ఆ విషయంలోనూ సగం భయం తీరినట్లే, అయినా ఒకటో తరగతి పరీక్ష వేరుగా చేయించుకోవాలి.

సెలవుల్లో విడతలుగా అన్న ఆలోచనను రెండుగా విడదీయాలి. రాత పరీక్షలకు అది చక్కని పద్ధతి. నౌకలో చదువుకొని, సెలవుల్లో పరీక్షలు రాయవచ్చు. విమానం నడపడానికి అది పనికిరాదు. నెల రోజులు ఎగిరి, ఆరు నెలలు ఓడ మీద ఉండి తిరిగి వస్తే, మొదటి పదిహేను ఇరవై గంటలు మరచిపోయిన దానిని మళ్లీ నేర్చుకోవడానికే ఖర్చవుతాయి, ఆ గంటలకూ మీరే డబ్బు కడతారు. 200 గంటలలో 100 గంటలు విమాన బాధ్యత మీదిగా నడిపి ఉండాలి. అందులో 300 నాటికల్ మైళ్లకు, అంటే దాదాపు 555 కిలోమీటర్లకు తక్కువ కాని ఒక దూర ప్రయాణం చేసి, దారిలో రెండు వేర్వేరు విమానాశ్రయాలలో దిగి ఆగాలి; రాత్రి వేళ ఐదు గంటలు నడపాలి. ఇటీవలి అనుభవం కూడా చూపవలసి ఉంటుంది. ఇవన్నీ ఒక్క ఊపులో సాగితేనే చేతికి పని పడుతుంది. అందుకని మరి రెండు ఒప్పందాలు నౌకలో పూర్తి చేసి, ఆ జీతంలో శిక్షణ సొమ్ము కూడబెట్టి, ఈలోగా రాత పరీక్షలు ముగించి, 37వ ఏట పూర్తికాల శిక్షణలో చేరడం మీకు అనువైన దారి అనిపిస్తోంది. నౌకకు సంబంధించిన మీ అర్హత పత్రాల గడువు మాత్రం మీరిపోనివ్వకండి. విమాన నియామకాలు మందగించిన రోజుల్లో మళ్లీ ఒక ఒప్పందానికి వెళ్లి సంపాదించే వీలు మీకుంది. గాజువాక పాఠకుడికి ఆ వీలు లేదు.

పాపకు దగ్గరగా ఉండాలన్న కోరిక గురించి ఒక మాట. పైలట్ నెలల తరబడి ఇల్లు వదలడు, అది నిజమే. తెల్లవారుజామున మూడింటికి బయలుదేరే డ్యూటీలు, పండుగ రోజున పరాయి ఊరి హోటల్ గది, మారుతూ ఉండే వారపు సెలవులు మాత్రం ఈ వృత్తిలోనూ ఉంటాయి.

ప్రశ్న: నాకు 33 సంవత్సరాలు. బి.కామ్ చదివి ఆడిటర్ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఇంటర్‌లో కామర్స్ తీసుకున్నందున ఫిజిక్స్, గణితం లేవు. మైనస్ మూడు కళ్లద్దాలున్నాయి. తెలుగు మాధ్యమంలో చదివాను. పెళ్లయిన ఆడపిల్లకు ఈ వయసులో ఇదేం కోరిక అని ఇంట్లో అంటున్నారు. నాకు అర్హత ఉందా? (ఒక పాఠకురాలు, సీతమ్మధార)

సమాధానం: మీరు చెప్పిన నాలుగు అడ్డంకులలో ఏదీ దాటలేనిది కాదు. వాణిజ్య లైసెన్సుకు ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, గణితం ఉండాలన్న నిబంధన ఉంది. కాని ఆ రెండు సబ్జెక్టులను జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా ఇప్పుడు రాసి ఉత్తీర్ణులు కావచ్చు. కామర్స్ విద్యార్థులు చాలామంది ఆ దారినే వస్తున్నారు. ఉద్యోగం మానకుండా చేయగలిగిన పని ఇది, కనుక దీనితో మొదలుపెట్టండి. మార్కుల కోసం కాకుండా అర్థం చేసుకొని చదవండి. వెక్టర్లు, త్రికోణమితి, వాయువుల ధర్మాలు తరువాతి పత్రాలన్నింటిలోనూ మళ్లీ ఎదురవుతాయి.

కళ్లద్దాలతో చూపు నిర్ణీత స్థాయికి సరిదిద్దుకోగలిగితే వాటితోనే ఒకటో తరగతి ధ్రువపత్రం ఇస్తారు. విమానం నడిపేటప్పుడు మరో జత దగ్గర ఉంచుకోవాలి. వైద్య పరీక్షకు ముందు తొందరపడి లేసిక్ చేయించుకోవద్దు. ఆ శస్త్రచికిత్స తర్వాత కొంతకాలం ఆగవలసి ఉంటుంది, కంటి పరీక్షలు కూడా పెరుగుతాయి. ఇక భాష సంగతి. రేడియోలో మాట్లాడడానికి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం కనీసం నాలుగో స్థాయి ఇంగ్లిష్ రావాలి. అది సాహిత్యంలో పాండిత్యం కాదు. స్పష్టంగా పలకడం, అవతలివారి యాసను అర్థం చేసుకోవడం, అనుకోని పరిస్థితిని సూటిగా వివరించడం. ఏడాది సాధనతో తెలుగు మాధ్యమం వారికి అది పట్టుబడుతుంది.

ఇంట్లోవారి మాటకు వస్తే, మన దేశ పైలట్లలో మహిళలు దాదాపు 15 శాతం. ప్రపంచ సగటు కంటే ఇది ఎంతో ఎక్కువ. భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్‌కు అనేక సంస్థలు ఉద్యోగం నిరాకరించాక అవకాశమిచ్చింది హైదరాబాదు కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్. మీ వారికి ఈ విషయాలు చెప్పండి. అయితే వారి అసలు భయం డబ్బు గురించి అయి ఉండవచ్చు. ఆడిటర్ కార్యాలయంలో పనిచేస్తున్న మీరు గాజువాక పాఠకుడికి చెప్పిన పద్ధతిలో మూడేళ్ల ఆదాయ వ్యయాల పట్టిక తయారు చేసి వారి ముందు పెట్టగలరు. 33 ఏళ్ల వయసులో మీ చేతిలో కాలం ఉంది, కాని ఒక ఏడాదిని వాదనలకు పోగొట్టుకునేంత లేదు.

ప్రశ్న: నావికాదళంలో విమాన సాంకేతిక నిపుణుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. అరక్కోణంలోనూ, విశాఖలోని నావికాదళ విమాన స్థావరం ఐ.ఎన్.ఎస్. డేగాలోనూ పనిచేశాను. వయసు 50. జీవితమంతా విమానాలను ఎగరడానికి సిద్ధం చేసి పంపాను, ఒక్కసారైనా నడపాలని ఉంది. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకుంటున్నాను. (ఒక పాఠకుడు, ఎన్.ఏ.డి. కొత్త రోడ్డు)

సమాధానం: మీ సేవకు నమస్కారం. ఇన్సులిన్ తీసుకునేవారికి ఒకటో తరగతి ధ్రువపత్రం రాదు కనుక వాణిజ్య పైలట్ వృత్తి గురించి మీకు ఆశ కల్పించడం తప్పవుతుంది. ఆహార నియమంతో, అనుమతించిన మాత్రలతో మధుమేహం అదుపులో ఉన్నవారి విషయం వేరు, వారిని ఒక్కొక్కరిగా పరిశీలిస్తారు. మీ మందు విషయంలో లైసెన్సు కోసం సొంత నిర్ణయం ఏదీ తీసుకోవద్దని గట్టిగా కోరుతున్నాము.

మీ చేతిలో ఉన్న విద్యకు మాత్రం పౌర విమానయానంలో విలువ ఉంది. విమాన నిర్వహణ ఇంజినీరు లైసెన్సుకు డీజీసీఏ అమలు చేస్తున్న సి.ఏ.ఆర్. 66 నిబంధనలు, పౌర రంగానికి బయట సంపాదించిన నిర్వహణ అనుభవాన్ని కూడా పరిగణనలోకి తీసుకుంటాయి. దానికి తోడుగా పౌర విమానాల మీద కొంత అనుభవం, మాడ్యూళ్ల పరీక్షలు అవసరం. మీ సేవా పత్రాలలో ఏ విమానం మీద, ఏ వ్యవస్థ మీద, ఎంత కాలం పనిచేశారో స్పష్టంగా ఉండేలా ధ్రువీకరణలు ముందుగా తెప్పించుకోండి. భోగాపురం విమానాశ్రయం వల్ల ఈ ప్రాంతంలో ఇటువంటి నైపుణ్యం ఉన్నవారి అవసరం పెరుగుతుందని మా నమ్మకం. ఇక ఒక్కసారైనా నడపాలన్న కోరికకు, శిక్షకుడు పక్కనే ఉండి కాసేపు నియంత్రణలు చేతికిచ్చే పరిచయ ప్రయాణాలను కొన్ని ఫ్లయింగ్ క్లబ్బులు ఏర్పాటు చేస్తాయి. మీ ఆరోగ్య వివరాలు ముందే చెప్పి, వారి అనుమతితో వెళ్లండి.

ప్రశ్న: బ్యాంకు నుంచి ఈ ఏడాది విరమణ పొందాను. వయసు 60. ఉద్యోగం అక్కరలేదు, ఆరోగ్యం బాగుంది. ఎగరడం నేర్చుకోవచ్చా? (ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ)

సమాధానం: నేర్చుకోవచ్చు. మీకు కావలసినది ప్రైవేట్ పైలట్ లైసెన్సు. దీనికి రెండో తరగతి వైద్య ధ్రువపత్రం, కనీసం 40 గంటల శిక్షణ చాలు; ఖర్చు వాణిజ్య లైసెన్సుతో పోలిస్తే చాలా తక్కువ. ఈ లైసెన్సుతో ప్రతిఫలం తీసుకొని విమానం నడపకూడదు, 65 ఏళ్ల పరిమితి వాణిజ్య రవాణాకు సంబంధించినది కనుక మీకు అడ్డురాదు. జె.ఆర్.డి. టాటా 1932 నాటి తన తొలి తపాలా ప్రయాణాన్ని 1982లో, 78వ ఏట, చిన్న విమానంలో మళ్లీ చేశారు. విశాఖ విమానాశ్రయం నావికాదళ స్థావరంలో భాగం కాబట్టి శిక్షణకు ఊరు వదలవలసి ఉంటుంది. ఎండలు ముదిరిన నెలల్లో మధ్యాహ్నపు గాలి కుదుపులు కొత్తవారిని ఇబ్బంది పెడతాయి, వానాకాలంలో శిక్షణ తరచు ఆగిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అక్కడే ఉండేలా బస చూసుకొని, పొగమంచు తక్కువగా ఉండే దక్షిణాది శిక్షణ కేంద్రాన్ని ఎంచుకోండి.